రాయని పుస్తకాలు: ఆఫ్రికా కథకులు, మన కథకులు

ఆఫ్రికా అనగానే మన పాఠ్యపుస్తకాల్లో కనిపించేవి సహారా ఎడారి, నైలు నది, వజ్రాల గనులు. టీవీలో అయితే సింహాలు, లేకపోతే కరువు. మనుషులు ఏమనుకుంటారో, పిల్లలకు ఏ కథలు చెప్తారో, దేనికి నవ్వుతారో ఎక్కడా రాదు. 1878లో స్టాన్లీ అనే యాత్రికుడు తన పుస్తకానికి 'చీకటి ఖండం' అనే మాట పేరులో పెట్టాడు. ఆ మాట నేటికీ క్విజ్ పోటీల్లో ప్రశ్నగా వస్తూనే ఉంది. చీకటి ఆ ఖండంలో ఉందా, చూసినవాడి కళ్లలో ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

మిత్రులారా, ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. సుమారు రెండు వేల భాషలున్నాయి. కాబట్టి 'ఆఫ్రికా సంస్కృతి' అని ఒక్క ముక్కలో చెప్పడం మా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మేము చదివిన కొన్ని పుస్తకాల నుంచి, మన నర్సింహులపేట చుట్టుపక్కల మేము విన్నవాటిని పక్కన పెట్టుకుని, కొన్ని సంగతులు మాత్రమే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక చిన్న సంగతి. మన అవ్వలు వండిన జొన్న గటుకలోని జొన్న, రొట్టె చేసే సజ్జ, అంబలి కాచే తైదలు, చేనులో వేసే బొబ్బెర్లు ఇవన్నీ మొదట ఆఫ్రికా రైతులు మచ్చిక చేసిన పంటలు. దాదాపు నాలుగు వేల ఏండ్ల కింద సముద్రం దాటి మన దేశానికి వచ్చాయి. ఊరి బయటి చింతచెట్టు పుట్టిల్లు కూడా అదే. అడవి గడ్డి లాంటి మొక్కను తరతరాలుగా ఏరి, దాచి, మళ్లీ విత్తి కంకిగా మార్చడం కంటే పెద్ద సృజన ఏముంటుంది? కనిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు, అంతే.

మనుషులు కూడా వచ్చారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే చల్లటి గాలి మిషను కాదు, 'ఆఫ్రికన్ కావల్రీ', అంటే నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం. ఆ సిద్దీల్లో కొందరు వనపర్తి సంస్థానం నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్లు. 1948 తర్వాత ఆ దళం పోయింది, కొలువులు పోయాయి. మర్ఫా వాద్యం మిగిలింది. ఇవాళ్టికీ పాతబస్తీ పెళ్లిళ్లలో బరాత్ ముందు మోగే మర్ఫాలో ఆఫ్రికా, అరబ్బు దరువులు కలిసి ఉన్నాయి.

దరువు మాట వచ్చింది గనుక డోలు సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే.

ఆఫ్రికాలో చాలా భాషలకు స్వరభేదం ఉంటుంది. అక్షరాలు అవే ఉన్నా గొంతు పైకెత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. కాంగో నది ఒడ్డున కెలె అనే భాష మాట్లాడేవాళ్లు దుంగను తొలిచి డోలు చేస్తారు. దానికి ఒక పక్క కొడితే హెచ్చు స్వరం, ఇంకో పక్క కొడితే తగ్గు స్వరం. మాటలోని హెచ్చుతగ్గులనే డోలు మీద కొడతారు. అక్షరాలు పోతాయి, స్వరం మిగులుతుంది. మరి వినేవాడికి ఎట్లా తెలుస్తుంది? చంద్రుణ్ణి వాళ్లు 'సొంగె' అంటారు, కోడిని 'కొకొ' అంటారు. రెండింటికీ రెండు హెచ్చు స్వరాలే. డోలు మీద కొడితే చంద్రుడో కోడో తేలదు. అందుకని డోలు వాయించేవాడు ఊరికే చంద్రుడు అనడు, భూమి వైపు కిందికి చూసే చంద్రుడు అంటాడు. కోడి అనడు, కియోకియో అనే చిన్న కోడి అంటాడు. మాట పొడుగైన కొద్దీ దాని స్వరాల వరుస దానికే ప్రత్యేకమవుతుంది, అర్థం తప్పదు. జాన్ కారింగ్టన్ అనే ఇంగ్లీషు మతబోధకుడు ఏండ్ల తరబడి ఆ డోలు నేర్చుకుని 1949లో దీనిమీద పుస్తకం రాశాడు. టెలిఫోను తీగలు వేయకముందే ఈ డోళ్లు ఒక ఊరి కబురు ఇంకో ఊరికి చేర్చేవి. అవసరం కోసం మాటను పొడిగిస్తే అది కవిత్వమైంది.

అమెరికాలోని తెల్ల యజమానులకు ఈ బలం తెలుసు. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు డోళ్లు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడే చట్టం చేసి బానిసలకు డోళ్లు లేకుండా చేశారు.

మన డప్పు మాటలు పలకదు, ఎందుకంటే తెలుగుకు అటువంటి స్వరభేదం లేదు. కానీ చావు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, బోనాల దరువు వేరు, చాటింపు దరువు వేరు. చేనులో కలుపు తీసే అమ్మ తల ఎత్తకుండానే ఊళ్లో ఏం జరిగిందో చెప్పగలదు. గడ్డిమంట మీద డప్పును కాచి, చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని మా పెదనాయనలు కొట్టిన దరువుల్లో ఎన్ని రకాలున్నాయో రాసిపెట్టిన పుస్తకం మన లైబ్రరీలో లేదు. కాంగో డోలుకు 1949లోనే ఒక పుస్తకం వచ్చిందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

ఇక కథకులు. మాలి, సెనెగల్, గాంబియా, గినీ దేశాల్లో గ్రియో అనే కథకులుంటారు. మాండే ప్రజలు వాళ్లను జెలి అంటారు. రాజుల వంశాలు, యుద్ధాలు, ఊళ్ల మధ్య ఒప్పందాలు అన్నీ వాళ్ల నోట్లోనే ఉంటాయి. 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని నిలిపిన సుందియాటా కథను ఏడు వందల ఏండ్లు వాళ్లే మోశారు. 1960లో జిబ్రిల్ నియాన్ అనే చరిత్రకారుడు ఒక గ్రియో నోటి నుంచి విని ఫ్రెంచిలో రాసేదాకా ఈ కథ బయటి లోకానికి పెద్దగా తెలియదు. వాళ్ల వాద్యం కోరా. పెద్ద సొరకాయ బుర్రను సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కడతారు.

సొరకాయ బుర్ర అనగానే మన కిన్నెర గుర్తుకు రావాలి. డక్కలివాళ్లు కిన్నెర వాయిస్తూ, మూరల కొద్దీ పొడవున్న బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెప్తారు. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుడి నుంచి మాదిగల పుట్టుపూర్వోత్తరాలు వాళ్ల నోటనే ఉన్నాయి. చిందువాళ్లు యక్షగానం ఆడతారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య గారిది కూడా ఈ జిల్లాలోని మాణిక్యాపురమే. ఆయన 2017లో కన్నుమూశారు. సమ్మక్క వంశం కథను పడిగె చూపిస్తూ పాడే కోయ డోలి గాయకులు అడవి ఊళ్లలో ఉన్నారు. ఇంతమంది గ్రియోలను ఇంటి చుట్టూ పెట్టుకుని మనం చరిత్ర అంటే తేదీలని చదువుకుంటున్నాం.

అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' నవలను సహవాసి గారు 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. హాస్టల్ పిల్లలు చేతులు మార్చుకుని చదివే పుస్తకాల్లో ఇది ముందుంటుంది. గాంబియాలోని జుఫురే ఊళ్లో ఒక కథకుడు చెప్పిన మాటల్లోనే తన మూలపురుషుడు కుంటా కింటే దొరికాడని హేలీ రాశాడు. ఆ కథకుడి మాటల మీద తర్వాత చరిత్రకారులు గట్టి సందేహాలు లేవనెత్తారు. దూరం నుంచి వచ్చినవాడు ఏం వినాలనుకుంటున్నాడో తెలిస్తే కథ అటు వంగే ప్రమాదం ఉంది. నోటి చరిత్రలో ఈ బలహీనత ఉన్న మాట నిజం. రాసిన చరిత్ర రాజు కోరుకున్న వైపు వంగలేదా అంటే, అదీ నిజమే.

ఇప్పుడు చేదు సంగతి. గ్రియోలు పుట్టుకతో వచ్చే కులం. వేరే వాళ్లతో పెళ్లి సంబంధాలుండవు. రాజు పక్కన కూర్చుని రాజుకే బుద్ధి చెప్పగల గ్రియో చచ్చిపోతే, సెనెగల్‌లో కొన్నిచోట్ల మట్టిలో పూడ్చనిచ్చేవారు కాదు. పూడిస్తే భూమి మైలపడి వానలు రావని నమ్మకం. బావోబాబ్ అనే పెద్ద చెట్టు తొర్రలో శవాన్ని పెట్టేవారు. 1960లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతనే ఈ ఆచారం ఆగింది. ఊరి జ్ఞాపకమంతా మోసినవాడికి ఊరి మట్టిలో చోటు లేదు. విడి శ్మశానాలున్న ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే అక్కడితో ఆగిపోతే సగం మాటే చెప్పినట్టు. మన వాడల్లోనూ డక్కలివాళ్లను గడప లోపలికి రానివ్వని రోజులున్నాయి. మన పురాణం చెప్పడానికి వచ్చినవాడు మన వాడకు అవతలనే గుడిసె వేసుకున్నాడు. ఊరు మనల్ని ఉంచిన దూరంలోనే మనం ఇంకొకరిని ఉంచాం.

నైజీరియా రచయిత చినువా అచెబె గొప్పతనం ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాం. 1958లో ఆయన రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' తెలుగులో 'చెదిరిన సమాజం'గా వచ్చింది. తెల్లవాళ్లు రాకముందు ఇగ్బో ఊళ్లకు పంచాయితీ ఉందని, పండుగలున్నాయని, సామెత లేనిదే పెద్దమనిషి నోరు విప్పడని అందులో చూపించాడు. కవలలు పుడితే అడవిలో పడేసే ఆచారాన్నీ, ఓసు అనే వెలివేసిన జనాన్నీ దాచలేదు. మిషనరీలు వచ్చినప్పుడు మొదట చర్చిలో చేరినవాళ్లలో ఓసులున్నారు. ఎందుకు చేరరు? ఓసు ఆచారాన్ని రద్దు చేస్తూ 1956లో తూర్పు నైజీరియాలో చట్టం వచ్చింది. అయినా 1960లో అచెబె రాసిన రెండో నవలలో, ఇంగ్లండులో చదువుకుని వచ్చిన యువకుడికి ఓసు అమ్మాయితో పెళ్లి కాకుండా పోతుంది. తన జాతిని పరాయివాళ్లు తిడుతున్నప్పుడు దాని తప్పులు రాయడం సులభం కాదు. ఆయన రెండు పనులూ ఒకే పుస్తకంలో చేశాడు.

చివరగా భాష. కెన్యాలో గుగి వా థియాంగో చదువుకున్న రోజుల్లో బడిలో గికుయు మాట్లాడితే బెత్తం దెబ్బలు పడేవి, లేదా మెడలో అవమానపు పలక వేలాడేది. మాతృభాష మాట్లాడినవాడి చేతికి ఒక గుండీ ఇచ్చేవారు; వాడు ఇంకొకడిని పట్టుకుని దాన్ని వాడికి అంటగట్టాలి. పిల్లలే పిల్లల మీద నిఘా. 2009లో కడప జిల్లాలో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేశారని పత్రికల్లో వచ్చినప్పుడు, గుగి పుస్తకం చదివినవాళ్లకు అది కొత్తగా అనిపించి ఉండదు.

ఇంగ్లీషులో పేరు సంపాదించిన తర్వాత గుగి 1977లో కమిరీతు అనే తన ఊళ్లో రైతులతో, కూలీలతో కలిసి గికుయులో నాటకం వేశాడు. రెండు వేల మంది కూర్చునే ఆరుబయటి రంగస్థలాన్ని ఊరివాళ్లే కట్టుకున్నారు. సంభాషణల్లో మాట సరిగా లేకపోతే ముసలివాళ్లు లేచి దిద్దేవారు. ప్రభుత్వం ఆరేడు వారాలకే నాటకాన్ని ఆపించింది, ఆ ఏడు చివర్లో రచయితను జైల్లో పెట్టింది. ఏడాది పాటు విచారణ లేదు. కాగితం ఇవ్వకపోతే మరుగుదొడ్డి కాగితం మీద ఒక నవల రాశాడు, అదీ గికుయులోనే. 1980లో అచ్చయిన ఆ నవలను చదువు రానివాళ్ల కోసం ఇండ్లల్లో, బస్సుల్లో, కల్లు దుకాణాల్లాంటి చోట్ల ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. అచ్చు పుస్తకం మళ్లీ నోటి కథ అయింది. దాన్ని జనగామ జిల్లా చిన్న పెండ్యాలలో పుట్టిన వరవరరావు గారు తాను కూడా జైల్లో ఉన్న 1980లలో తెలుగు చేశారు. 'మట్టికాళ్ల మహారాక్షసి' అదే. గుగి 2025 మే నెలలో మరణించారు.

మన మండలంలో తండాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన మిత్రులు ఇంట్లో గోర్ బోలి, తరగతిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు అనుకుంటూ మూడు భాషల మధ్య నడుస్తున్నారు. గోర్ బోలికి సొంత లిపి లేదు. తీజ్ పాటలన్నీ ఆడవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. ఈ సంచిక చివరి పేజీల్లో తండా మిత్రులు చెప్పిన పొడుపుకథలను తెలుగు లిపిలో వేశాం. కింద అర్థాలు ఇవ్వలేదు. తెలియకపోతే మీ పక్కన పడుకునే మిత్రుణ్ణి అడగండి.