బృందం వీడిన కళాకారుల పాత పాటల ప్రదర్శన

ఒక సంగీత బృందంలో కలిసి పనిచేసిన కళాకారులు విడిపోయి విడివిడిగా కచేరీలు చేయునపుడు, కలిసి ఉన్న కాలంలో రూపొందిన పాటలను వేదికపై ఎవరు పాడవచ్చు, ఎవరి అనుమతితో పాడవచ్చు, రాయల్టీ ఎవరికి చెందుతుంది అను ప్రశ్నలు తలెత్తుతాయి. పాశ్చాత్య రాక్ బృందాల విషయంలో ఈ ప్రశ్న 1970వ దశకం నుండి ఉన్నదే. తెలుగునాట రాక్ బృందాల సంప్రదాయం చిన్నది. ఇక్కడ జనం నోట నిలిచిన పాటలలో అధికభాగం సినిమా పాటలే. అందువలన ఈ ప్రశ్న తెలుగువారి దృష్టికి ప్రధానంగా 2017లో వచ్చింది. ఒకప్పుడు ఒకే బృందంలో ఉన్న గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి, సంగీత దర్శకుడు ఇళయరాజాకు మధ్య తలెత్తిన వివాదమే అందుకు కారణం.

పాటలోని భాగాలు

శ్రోతకు పాట ఒక్కటిగానే వినిపిస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం అందులో నాలుగు వేర్వేరు అంశాలు ఉన్నాయి.

1. సాహిత్యం - దీనికి కర్త గేయ రచయిత.
2. బాణీ - దీనికి కర్త సంగీత దర్శకుడు.
3. గానం, వాద్యం - ఇవి గాయకులు మరియు వాద్యకారుల ప్రదర్శన.
4. ధ్వనిముద్రణ - దీనికి సాధారణంగా నిర్మాత లేదా ఆడియో సంస్థ యజమాని.

వేదికపై పాటను మళ్ళీ పాడినపుడు పాత ధ్వనిముద్రణను వాడటం లేదు. వాడుతున్నది సాహిత్యాన్ని, బాణీని. కాబట్టి కావలసిన అనుమతి కూడా ఆ రెండింటి హక్కుదారుల నుండే. పాటకు పేరు తెచ్చిన గొంతు ఎవరిదన్నది ఇక్కడ లెక్కకు రాదు.

రాక్ బృందాల అనుభవం

రాక్ బృందాలలో పాట రాసేవారు, బాణీ కట్టేవారు, పాడేవారు చాలావరకు ఒక్కరే. అందువలన బృందం నుండి బయటకు వచ్చిన సభ్యుడు తన పాటనే పాడుకుంటున్నట్లు భావిస్తాడు. కచేరీ జరిగే ప్రాంగణాలు హక్కుల సంఘాల నుండి ముందుగానే సామూహిక లైసెన్సు తీసుకొనే పద్ధతి ఆ దేశాలలో స్థిరపడింది. కాబట్టి చట్టరీత్యా అడ్డంకి తక్కువ. అక్కడ సమస్య తరచుగా మనసుకు, డబ్బుకు, బృందం పేరుకు సంబంధించినది.

బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. పాల్ మెకార్ట్నీ 1971లో వింగ్స్ అను కొత్త బృందాన్ని స్థాపించాడు. 1972లో బ్రిటన్ విశ్వవిద్యాలయాలలో కచేరీలు చేసినపుడు బీటిల్స్ పాటలు పాడలేదు. కొత్త బృందం తన కాళ్ళపై నిలబడిన తరువాత, 1975-76 పర్యటనలో ఐదు బీటిల్స్ పాటలను చేర్చాడు. జార్జ్ హారిసన్ 1974లో పండిట్ రవిశంకర్‌తో కలిసి ఉత్తర అమెరికాలో పర్యటించినపుడు కొద్ది బీటిల్స్ పాటలు మాత్రమే పాడాడు, వాటిలోనూ కొన్ని మాటలు మార్చాడు. రింగో స్టార్ 1989లో ప్రారంభించిన బృందంలో వివిధ బృందాల పూర్వ సభ్యులు చేరి, ఎవరి పాత పాటలు వారు పాడుతారు.

అమెరికాకు చెందిన క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం 1972లో విడిపోయింది. ఆ బృందపు పాటలలో అధికభాగం రచించి, బాణీ కట్టి, పాడినవాడు జాన్ ఫోగర్టీ. అయితే ఆ పాటల ప్రచురణ హక్కులు ఫాంటసీ రికార్డ్స్ సంస్థ చేతిలో ఉండేవి. తాను పాడిన ప్రతిసారీ ఆ సంస్థకు ఆదాయం చేరుతుందన్న కారణంతో ఫోగర్టీ చాలా సంవత్సరాలు తన పాటలను తానే పాడలేదు. 1986 పర్యటనలో సైతం వాటిని పక్కన పెట్టాడు. 1987లో మాత్రమే తిరిగి వేదికపై పాడసాగాడు. ఆ పాటల ప్రచురణ హక్కులలో అధిక వాటా 2023లో అతని చేతికి వచ్చింది.

పింక్ ఫ్లాయిడ్ బృందంలో తగవు పాటల గురించి కాక పేరు గురించి వచ్చింది. 1985లో బృందాన్ని వీడిన రోజర్ వాటర్స్, మిగిలినవారు ఆ పేరు వాడరాదని 1986లో న్యాయస్థానానికి వెళ్ళాడు. 1987 చివర రాజీ కుదిరింది. పేరు మిగిలిన సభ్యులకు దక్కింది, "ది వాల్" ప్రదర్శన హక్కులు వాటర్స్‌కు దక్కాయి. 1990 జూలై 21న బెర్లిన్‌లో ఆ ప్రదర్శనను అతడు తన పేరుతో నిర్వహించాడు.

తెలుగునాట

తెలుగు సినిమా పాటలో పై భాగాలు వేర్వేరు వ్యక్తుల చేతిలో ఉంటాయి. బాణీ ఒకరిది, మాట ఒకరిది, గొంతు ఒకరిది, పెట్టుబడి మరొకరిది. అయినను జనం పాటను ఎక్కువగా గొంతుతోనే గుర్తుపెట్టుకుంటారు. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీత దర్శకుడు, గాయకుడు రెండూ కనుక ఈ తేడా ఆయన కాలంలో అంతగా బయటపడలేదు. 1971లో ఆయన అమెరికా, ఇంగ్లాండు, జర్మనీ దేశాలలో కచేరీలు చేశాడు. ఆ కాలంలో భారత చట్టంలో గాయకుల హక్కు అన్న మాటే లేదు.

సొంత పాటలు కట్టుకొని పాడే తెలుగు బృందాలు ఇటీవలి కాలంలో పెరిగాయి. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం ఇందుకు ఉదాహరణ. "ఊరెళ్ళిపోతా మామా" పాట ఈ బృందానికి పేరు తెచ్చింది. బృందంలోని రామ్ మిరియాల తరువాత వేరుపడి సినిమా రంగంలో గాయకుడిగా, సంగీత దర్శకుడిగా స్థిరపడ్డాడు. 2021లో వచ్చిన జాతిరత్నాలు చిత్రంలో "చిట్టి" పాట పాడాడు. 2022లో వచ్చిన డీజే టిల్లు చిత్రపు టైటిల్ పాటను స్వరపరచి పాడాడు. రచన, బాణీ, గానం బృందం లోపలే జరిగే ఇటువంటి చోట పరిస్థితి రాక్ బృందాలకు దగ్గరగా ఉంటుంది. ఏ పాటకు ఎవరు కర్త అన్నది ముందే రాసుకొనడం అందరికీ మేలు.

బాలు, ఇళయరాజా

ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న జన్మించాడు. ఎస్.పి.కోదండపాణి సంగీత దర్శకత్వంలో "శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న" చిత్రానికి 1966 డిసెంబరులో తొలిపాట పాడాడు. తొలినాళ్ళలో మద్రాసులో ఒక లలితసంగీత బృందాన్ని కూడా నడిపాడు. అందులో ఇళయరాజా గిటారు, హార్మోనియం వాయించేవాడు. అతని సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా బృందంలో సభ్యులు. నాయకుడు గాయకుడు, ఇళయరాజా వాద్యకారుడు.

1976లో "అన్నక్కిళి" అను తమిళ చిత్రంతో ఇళయరాజా సంగీత దర్శకుడయ్యాడు. అప్పటి నుండి స్థానాలు మారాయి, స్నేహం మాత్రం కొనసాగింది. సాగరసంగమం (1983), రుద్రవీణ (1988) చిత్రాలకు ఇళయరాజాకు సంగీత దర్శకుడిగాను, బాలుకు గాయకుడిగాను జాతీయ పురస్కారాలు లభించాయి.

2017 నోటీసు

గాయకుడిగా యాభై సంవత్సరాలు నిండిన సందర్భంగా బాలు 2016 ఆగస్టులో టొరంటో నగరంలో ప్రపంచ పర్యటన ప్రారంభించాడు. కుమారుడు ఎస్.పి.చరణ్ ఆ పర్యటనను రూపొందించాడు. పలు దేశాల తరువాత 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు జరుగుతుండగా బాలుకు, గాయని చిత్రకు, చరణ్‌కు, నిర్వాహకులకు, ప్రాంగణాల యాజమాన్యాలకు ఇళయరాజా తరపున లీగల్ నోటీసులు అందాయి. అనుమతి లేకుండా ఇళయరాజా స్వరపరచిన పాటలు పాడరాదని, పాడినచో చట్టపరమైన చర్య తప్పదని వాటి సారాంశం.

బాలు ఈ సంగతిని ఫేస్‌బుక్ ద్వారా తెలియజేశాడు. తనకు ఈ చట్టం తెలియదని, చట్టమే అయితే పాటిస్తానని, ఇకపై ఆ పర్యటనలో ఇళయరాజా పాటలు పాడబోమని, ఇతర సంగీత దర్శకుల పాటలతో కచేరీలు కొనసాగిస్తామని ప్రకటించాడు. అభిమానులు రెండుగా చీలిపోయారు. పాటకు ప్రాణం పోసిన గాయకుడిని ఆపడమేమిటని కొందరు, బాణీ కట్టినవాడికి భాగం ఇవ్వకుండా టిక్కెట్లు అమ్మడమేమిటని కొందరు వాదించారు. వ్యాపార ప్రదర్శనల విషయంలోనే తమ అభ్యంతరమని ఇళయరాజా పక్షం వివరించింది. పాత బృందంలో సభ్యుడైన గంగై అమరన్ అన్నగారి చర్యను బహిరంగంగా విమర్శించాడు.

చట్టం ఏమంటుంది

భారత కాపీహక్కు చట్టం 1957లో వచ్చింది. సంగీత కృతికి కర్త దానిని స్వరపరచినవాడేనని ఈ చట్టం చెబుతుంది. బహిరంగంగా ప్రదర్శించే హక్కు కాపీహక్కులో భాగం. అయితే సినిమా కోసం పారితోషికం తీసుకొని చేసిన పాటకు, వేరే ఒప్పందం లేనపుడు, తొలి యజమాని నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తీర్పులో న్యాయమూర్తి వి.ఆర్.కృష్ణయ్యర్ విడిగా ఒక వ్యాఖ్య జోడించాడు. మన దేశంలో పాటను నిలబెట్టేది గాయకుడు కాగా, చట్టం అతనికి ఏ హక్కూ ఇవ్వలేదన్న లోటును ఎత్తిచూపాడు.

1994 సవరణతో ప్రదర్శకుల హక్కు చట్టంలో చేరింది. దీని కాలపరిమితి 50 సంవత్సరాలు. 2012 సవరణ మరింత ముందుకు వెళ్ళింది. సినిమా హాలులో ప్రదర్శన మినహా ఇతర వాడకాలపై వచ్చే రాయల్టీలో గేయ రచయితకు, సంగీత దర్శకునికి సమాన వాటా ఉంటుంది. దానిని వారు వదులుకొన్నట్లు రాయించుకొన్నా చెల్లదు. గాయకులకు కూడా వాణిజ్య వాడకంపై రాయల్టీ హక్కు ఏర్పడింది. 2013లో గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ప్రదర్శకుని హక్కు అతడు పాడిన ఆ గానానికి రక్షణ. ఆ బాణీని మరల పాడే స్వేచ్ఛను అది ఇవ్వదు. అంటే బాలు గొంతును ఇతరులు ముద్రించి అమ్ముకొనకుండా చట్టం కాపాడుతుంది గాని, బాలు అదే పాటను టిక్కెట్టు కచేరీలో పాడాలంటే మిగిలిన గాయకుల వలె హక్కుదారుల అనుమతి, లేదా హక్కుల సంఘపు లైసెన్సు అవసరం. గేయ రచయితకూ ఇదే వర్తిస్తుంది. సాగరసంగమం పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తి 2010లో మరణించాడు. సాహిత్యం మరియు బాణీలపై హక్కు కర్త మరణానంతరం 60 సంవత్సరాలు కొనసాగుతుంది.

ఊరి ఆర్కెస్ట్రాలు

2017 వివాదం తరువాత పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో పాడే చిన్న ఆర్కెస్ట్రాలకు కూడా సందేహాలు రావడం సహజం. నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి పట్టణాలలో గాని, జూపాడు బంగ్లా వంటి ఊళ్ళలో గాని ఇటువంటి పాటకచేరీలు జరిగేది ఎక్కువగా శుభకార్యాలకు, దేవుని ఉత్సవాలకు. కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షను నిజమైన మతపరమైన కార్యక్రమాలకు, పెళ్ళి ఊరేగింపుకు, పెళ్ళితో ముడిపడిన వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. డబ్బు చెల్లించని శ్రోతల ముందు ఔత్సాహికులు చేసే ప్రదర్శనకు కూడా మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టి నిర్వహించే కచేరీకి మాత్రం లైసెన్సు కావాలి. దానిని తీసుకొనవలసిన బాధ్యతను సాధారణంగా నిర్వాహకులు వహిస్తారు.

తరువాతి పరిణామాలు

వివాదం స్నేహాన్ని పూర్తిగా తెంచలేదు. 2019 జూన్‌లో చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీలో బాలు తిరిగి అతని పాటలు పాడాడు. 2020 ఆగస్టులో బాలు కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నపుడు, త్వరగా లేచి రావాలని ఇళయరాజా వీడియో సందేశం పంపాడు. బాలు 2020 సెప్టెంబరు 25న చెన్నైలో మరణించాడు. ఆ తరువాత ఇళయరాజా తిరువణ్ణామలై అరుణాచలేశ్వరాలయంలో మిత్రుని కొరకు మోక్షదీపం వెలిగించాడు.

ఇద్దరి మధ్య తగవు రాజీతో సమసినను, ఆ ప్రశ్న మాత్రం చట్టపుస్తకంలో అలాగే ఉంది. పాట గాయకునిదని జనం అనుకుంటారు, స్వరకర్తది మరియు రచయితది అని చట్టం అంటుంది. కలిసి పనిచేసే రోజులలో ఈ భేదం ఎవరికీ పట్టదు. విడిపోయిన తరువాత, వేదిక ఎక్కిన రోజున బయటపడుతుంది.