సోర్‌డో అంటే మన ఖమీరే

అనకాపల్లి నుంచి దోస్తులతో విశాఖలో ఓ ఫుడ్‌హాల్ బేకరీకి వెళ్లాను. బెల్లం ఊరోళ్లం కదా, అందరి చూపూ పేస్ట్రీల మీదే. నేను మాత్రం సోర్‌డో బ్రెడ్ ధర చూసి ఆగిపోయాను.

సోర్‌డో అంటే నాన్‌లో వేసే ఖమీర్ లాంటిదే. పిండి, నీళ్లు కలిపి కొన్ని రోజులు ఉంచితే సహజ ఈస్ట్, బ్యాక్టీరియా పెరుగుతాయి, ఇడ్లీ పిండి పులిసినట్టే. ప్యాకెట్ ఈస్ట్‌తో రెండు మూడు గంటల్లో పొంగే బ్రెడ్‌కి ఇక్కడ రాత్రంతా పట్టొచ్చు. ధర అందుకే. కొందరు వెనిగర్, ప్యాకెట్ ఈస్ట్ వేసి అదే పేరుతో అమ్ముతారు, అడిగి కొనండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇదేం మందు కాదు.

పేస్ట్రీల్లో మనం అడగాల్సింది జెలటిన్ గురించి. మూస్, చీజ్‌కేక్ గట్టిపడటానికి వేస్తారు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. ఏ జంతువుదో అడగడానికి మొహమాటం వద్దు. అగర్ అగర్ అయితే సముద్రపు నాచుదే, ఫికర్ లేదు.