ఫోనులోంచి కారే అయస్కాంతం

అనకాపల్లి నుంచి ఓ పాఠకుడు అడిగారు: "మా నాన్నగారికి బెల్లం వ్యాపారం. చెవి మిషన్ పెట్టుకుని కొట్లో ల్యాండ్‌లైన్ ఎత్తితే కుయ్‌మని కూత. మిషన్ తీసేస్తే మాటే వినపడదు. దారేమన్నా ఉందా?"

ఉంది. కూత సంగతి చిన్నదే. మిషన్ పెంచిన శబ్దం రిసీవర్‌కు తగిలి మళ్లీ మిషన్ మైకులోకే దూరుతుంది, పెళ్లిపందిట్లో మైకు కీచుమన్నట్టు. నాకు ముచ్చటేసేది దాని విరుగుడు.

రిసీవర్‌లో ఓ అయస్కాంతం, తీగచుట్ట, పల్చటి రేకు ఉంటాయి. అవతలివాళ్ల మాట కరెంటుగా వచ్చి చుట్టలో పారితే అయస్కాంత క్షేత్రం హెచ్చుతగ్గులవుతుంది, రేకు కదులుతుంది, మాట పుడుతుంది. కానీ ఆ క్షేత్రం రేకు దగ్గరే ఆగదు, కొంత బయటికి కారుతుంది. అక్కడ ఇంకో తీగచుట్ట పెడితే, 1831లో ఫారడే చూపినట్టే, అందులో అదే మాట కరెంటుగా మళ్లీ పుడుతుంది. చెవి మిషన్లో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే టెలికాయిల్ చేసే పని ఇదే. మీట 'టి' మీద పెడితే మైకు ఆగిపోతుంది, కాయిల్ ఒక్కటే వింటుంది. మైకు లేదు కాబట్టి కూతా లేదు. వేలంపాట కేకలు, లారీ హారన్లు కూడా మిషన్లోకి రావు! కాకపోతే రిసీవర్‌ని చెవి రంధ్రానికి కాక, చెవి వెనకున్న మిషన్‌కి ఆనించి, మాట స్పష్టమయ్యేదాకా కాస్త అటూ ఇటూ వంచాలి. పాత ట్యూబ్‌లైటు చోక్ దగ్గరుంటే గుర్రుమంటుంది, అదీ అయస్కాంతమే.

ఈ కారడం ఎవరూ తలపెట్టి చేసింది కాదు. అమెరికాలో బెల్ కంపెనీ ఇంజనీర్లకు అది శుద్ధ దండగ అనిపించి, తక్కువ కారే మెరుగైన రిసీవర్లు తెచ్చారు. లెక్క ప్రకారం తెలివైన పనే. చెవి మిషన్లవాళ్లకు మాత్రం 'టి' మూగబోయింది. చివరికి 1988లో అక్కడి చట్టసభ చట్టం చెయ్యాల్సి వచ్చింది: ఫోన్లు చెవి మిషన్లకు పనికొచ్చేలా ఉండి తీరాలని. దండగ కాస్తా చట్టబద్ధమైంది.

సెల్‌ఫోన్ల గొడవ వేరు. 2జీ ఫోను మాట్లాడేటప్పుడు సెకనుకు 217 సార్లు రేడియో తరంగాల్ని విసురుతుంది. మిషన్ లోపలి తీగలు వాటిని పట్టుకుని జుయ్యిమంటాయి. దీనికీ విరుగుడుంది. ఇయర్‌ఫోన్ రంధ్రంలో గుచ్చి మెడలో వేసుకునే తీగ లూపులు దొరుకుతాయి. ఫోను చెవికి దూరంగా ఉంటుంది, లూపులోంచి కారే క్షేత్రంతో 'టి' పనిచేస్తుంది.

ఇక నా సణుగుడు. చాలా డిజిటల్ మిషన్లలో కాయిల్ ఉండి కూడా, దాని ప్రోగ్రామ్ తెరవకుండానే చేతికిచ్చి పంపుతారు. నాన్నగారి మిషన్లో కాయిల్ ఉందో లేదో ఆడియాలజిస్టునే అడగండి. ఉంటే, కంప్యూటర్‌కు తగిలించి ప్రోగ్రామ్ తెరిపించుకున్నాకే కుర్చీలోంచి లేవమనండి.