అండం దాకా వెళ్తే చాలదు

అప్పుడే సేకరించిన వీర్యకణాలను తీసుకెళ్లి అండం పక్కనే వదిలితే ఫలదీకరణ వెంటనే జరిగిపోవాలి కదా? జరగదు. 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్ కుందేళ్లలో, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ ఎలుకల్లో, ఎవరికి వారుగా ఈ సంగతి కనిపెట్టారు. ఆడ జంతువు జననమార్గంలో కొన్ని గంటలు గడిపిన కణాలకే అండంలోకి చొరబడే శక్తి వస్తోంది. ఈ మార్పు పేరే కెపాసిటేషన్.

ఆ కొన్ని గంటల్లో ఏం జరుగుతుందన్నది నిజంగా అబ్బురమే. వీర్యకణంలో డీఎన్ఏ బిగదీసి చుట్టి ఉంటుంది. కొత్త జన్యుసందేశాలు రాసుకునే వీలు దానికి లేదు. ఉన్న ప్రోటీన్లనే మార్చుకుని నెట్టుకురావాలి, అదీ బయటి సంకేతం అందితేనే. ఆ సంకేతాల్లో ముఖ్యమైనది మన వంటసోడాలో ఉండే బైకార్బొనేటే! కణాలు నిల్వ ఉండే ఎపిడిడిమిస్‌లో ఇది తక్కువ, స్త్రీ జననమార్గంలో ఎక్కువ. ఇది కణంలోకి చేరగానే అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును తయారుచేయడం మొదలుపెడుతుంది. దాంతో ప్రోటీన్ కైనేజ్-ఏ పనిలోకి దిగి ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మరోపక్క ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కణం పైపొరలోంచి కొలెస్ట్రాల్‌ను లాగేస్తుంది, పొర బిగువు సడలుతుంది.

ఆ అడినైలిల్ సైక్లేజ్ ఎంత కీలకమో 2023లో మరోసారి తేలింది. దాన్ని కాసేపు ఆపే మందు ఒక్క మోతాదు ఇస్తే మగ చిట్టెలుకల వీర్యకణాలు దాదాపు రెండున్నర గంటలు కదల్లేదు. మర్నాటికి మళ్లీ మామూలే.

ఫాస్ఫేట్ తగిలే ప్రోటీన్లు ఏవో వెతికినవాళ్లలో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఎస్. శివాజీ బృందం హామ్‌స్టర్ వీర్యకణాల్లో అలాంటి ఒక ప్రోటీన్‌ను గుర్తించింది. అది డైహైడ్రోలిపోఅమైడ్ డీహైడ్రోజినేజ్, అంటే శక్తి తయారీలో పాల్గొనే ఎంజైమే.

ఇక చివరి ఘట్టం తోకది. తోక పొరలో క్యాట్‌స్పర్ అనే కాల్షియం ద్వారాలుంటాయి. 2001లో బయటపడ్డ ఈ ద్వారాలు మనుషుల్లో ప్రొజెస్టిరాన్ తగిలితే తెరుచుకుంటాయని 2011లో తెలిసింది. ఆ హార్మోన్‌ను విడుదల చేసేది అండాన్ని చుట్టుకుని ఉన్న కణాలే. కాల్షియం లోపలికి రాగానే అప్పటిదాకా నెమ్మదిగా ఆడిన తోక కొరడాలా విసురుగా కొట్టుకుంటుంది. ఆ ఊపు లేకపోతే అండం చుట్టూ ఉన్న దళసరి పొరను చీల్చుకుని వెళ్లడం అసాధ్యం.

టెస్ట్‌ట్యూబ్ బేబీ కేంద్రాల్లో వీర్యకణాలను ఉంచే ద్రవంలో బైకార్బొనేట్, ఆల్బుమిన్ కలిపేది ఇందుకే. అయితే మామూలు వీర్యపరీక్ష చూసేది ప్రధానంగా సంఖ్య, కదలిక, ఆకారం. క్యాట్‌స్పర్ పనిచేయని కొందరు పురుషుల్లో ఈ మూడూ సవ్యంగానే ఉంటాయి, పిల్లలు మాత్రం కలగరు. కాబట్టి భర్త రిపోర్టు నార్మల్ అని రాగానే లోపమంతా భార్యదేనని తేల్చేయకండి. ఆ కాగితం అంత మాట చెప్పలేదు.