అవధాన లోప అతిచురుకుదన రుగ్మత

అవధాన లోప అతిచురుకుదన రుగ్మత అనునది మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఒక స్థితి. వైద్యులు దీనిని పొడి అక్షరాలలో ఏ.డి.హెచ్.డి. అని వ్యవహరిస్తారు. ఇది బాల్యంలోనే మొదలవుతుంది. ఏకాగ్రత నిలువకపోవడం, వయసుకు మించిన చంచలత్వం, ముందువెనుకలు చూడని దుడుకుతనం దీని ముఖ్య లక్షణాలు. ఇది తెలివితక్కువతనం కాదు, పెంపకంలోని లోపమూ కాదు. ప్రపంచవ్యాప్తంగా పిల్లలలో సుమారు 5 శాతం మందికి, పెద్దలలో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉన్నట్లు పరిశోధకుల అంచనా.

అనంతపురం వంటి కరవు ప్రాంతంలో బడిపిల్లల పరధ్యానానికి ఇతర కారణాలు కూడా అనేకం కలవు. అందువలన ఇక్కడ రెండు విధాల పొరపాటు జరుగవచ్చును. రుగ్మత గల బిడ్డను సోమరి అని శిక్షించడం ఒకటి, ఆకలితో ఉన్న బిడ్డకు రుగ్మత పేరు తగిలించడం రెండవది.

లక్షణాలు

* అవధాన లోపం: పని మధ్యలో వదలివేయడం, పలకా పుస్తకాలు తరచు పోగొట్టుకోవడం, ఎదురుగా నిలిచి చెప్పినా విననట్లు ఉండటం, తెలిసిన లెక్కలోనే అజాగ్రత్త వలన తప్పులు చేయడం.
* అతిచురుకుదనం, దుడుకుతనం: కూర్చున్నచోట కుదురుగా ఉండలేకపోవడం, అతిగా మాట్లాడటం, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం, తన వంతు వచ్చేవరకు ఆగలేకపోవడం.

కొందరిలో మొదటి వర్గపు లక్షణాలు, కొందరిలో రెండవ వర్గపువి, మరికొందరిలో రెండూ ప్రధానంగా కనబడతాయి. ఆడపిల్లలలో తరచు అవధాన లోపమే ఎక్కువగా ఉంటుంది. వారు అల్లరి చేయక మౌనంగా కూర్చుంటారు కనుక ఎవరి దృష్టికీ రారు.

తెలుగువారికి అవధానం అనగానే అష్టావధానం స్ఫురిస్తుంది. అందులో అప్రస్తుత ప్రసంగి ఎంత కదిలించినా అవధాని పద్యం మరువడు. ఈ రుగ్మత గల బిడ్డకు కిటికీ బయటి కాకి అరుపు, పక్కవాని గుసగుస అన్నీ అప్రస్తుత ప్రసంగాలే. వాటిని పక్కకు నెట్టే శక్తి ఆ మెదడుకు తక్కువ. "ఆటలో గంటల తరబడి ఉండే ధ్యాస చదువులో ఏమైంది?" అని పెద్దలు ప్రశ్నించడం సహజం. ధ్యాస లేకపోవడం కాదు, దానిని కావలసిన చోటికి మళ్ళించలేకపోవడమే ఇక్కడి చిక్కు.

చరిత్ర

స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ 1798లోనే అవధాన లోపాన్ని వర్ణించాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ తన ఉపన్యాసాలలో, తెలివి ఉండియు తమను తాము అదుపు చేసుకొనలేని పిల్లలను గూర్చి వివరించాడు. 1937లో అమెరికా వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజక ఔషధం ఇటువంటి పిల్లలలో కొందరిని కుదుటపరచుటను గమనించాడు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో అవధాన లోపానికి ప్రాధాన్యమిస్తూ రుగ్మత పేరు మార్చింది. ప్రస్తుత నామం 1987 నుండి వాడుకలో ఉన్నది.

కారణాలు

ఇందులో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. కవలలపై జరిగిన అధ్యయనాలు దానిని 70 నుండి 80 శాతం వరకు అంచనా వేశాయి. నెలలు నిండకముందే పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం, సీసపు విషప్రభావం మొదలగునవి ముప్పును పెంచుతాయి. చక్కెర తినడం వలన ఇది వస్తుందన్నది అపోహ మాత్రమే.

అనంతపురం ప్రాంతంలో గుర్తింపు

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండుటచే అనంతపురం పీఠభూమిలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వేరుశనగ పంట ఎండిన ఏట కుటుంబాలు బెంగళూరు తదితర ప్రాంతాలకు వలస పోతాయి. పిల్లలు అవ్వాతాతల వద్ద మిగులుతారు, లేదా బడి మాని వెంట వెళతారు. ఉదయం ఏమీ తినక వచ్చిన బిడ్డ, రక్తహీనత గల బిడ్డ, చెవిలో చీము కారి సరిగా వినబడని బిడ్డ, నల్లబల్ల కనబడని బిడ్డ, తల్లిదండ్రుల ఎడబాటుతో దిగులు పడిన బిడ్డ - వీరందరూ తరగతిలో పరధ్యానంగానే కనిపిస్తారు.

ఈ రుగ్మతను తేల్చుటకు రక్తపరీక్షగాని, స్కానింగుగాని లేదు. వైద్యుడు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను విచారించి నిర్ణయిస్తాడు. 2013 నాటి అమెరికా ప్రమాణాల ప్రకారం ఒక వర్గంలోని 9 లక్షణాలలో కనీసం 6 ఉండాలి (17 ఏళ్ళు దాటినవారికి 5 చాలు). అవి 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, 6 నెలలకు పైగా కొనసాగాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా కనబడాలి. వలస వెళ్ళిన ఏడాదే మొదలైన పరధ్యానానికి, బడిలో మాత్రమే కనిపించే పరధ్యానానికి ముందుగా ఇతర కారణాలు వెదకాలి. చూపు, వినికిడి, రక్తహీనత పరీక్షలు మొదట చేయించడం మేలు. అయితే పేదరికంలోని బిడ్డకు ఈ రుగ్మత కూడా ఉండవచ్చునని మరువరాదు.

చికిత్స

ఆరేళ్ళ లోపు పిల్లలకు మొదట తల్లిదండ్రుల శిక్షణనే సూచిస్తారు. చిన్న పనికి వెంటనే మెచ్చుకోవడం, దినచర్యను ఒకే తీరుగా ఉంచడం ఇందులో ముఖ్యం. పెద్ద పిల్లలకు అవసరాన్ని బట్టి మిథైల్ ఫెనిడేట్, అటామాక్సెటిన్ మొదలగు మందులు ఇస్తారు. మిథైల్ ఫెనిడేట్ మన దేశంలో చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందు. వైద్యుని చీటీ లేనిదే వాడరాదు. ఇది ఆకలిని తగ్గిస్తుంది. కనుక అసలే బరువు తక్కువగా ఉన్న పిల్లలకు ఎత్తు, బరువు క్రమం తప్పక చూడవలసి ఉంటుంది.

బడిలో

ఇట్టి బిడ్డను ముందు వరుసలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టాలి. ఒకసారి ఒకే సూచన ఇవ్వాలి. పెద్ద పనిని చిన్న భాగాలుగా విడదీయాలి. నల్లబల్ల తుడవడం, పుస్తకాలు పంచడం వంటి పనులు అప్పగిస్తే కదలికకు అవకాశం దొరుకుతుంది. గుంజీలు, గోడకుర్చీ ఈ రుగ్మతను తగ్గించవు, బడి మాన్పించగలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది.

పెద్దలలో

వయసుతో పరుగులు తగ్గినా పరధ్యానం, దుడుకుతనం చాలామందిలో మిగిలిపోతాయి. గడువులు దాటడం, తరచు ఉద్యోగాలు మారడం, వాహన ప్రమాదాలు, కోపతాపాలు దీని పర్యవసానాలు కావచ్చును. బిడ్డకు నిర్ధారణ జరిగినప్పుడు తండ్రికో తల్లికో తమ బాల్యం అర్థం కావడం కూడా కద్దు. పెద్దలకు కూడా చికిత్స ఫలిస్తుంది.

లభించే సహాయం

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడులలో, అంగన్‌వాడీలలో పరీక్షించే సమస్యలలో ఈ రుగ్మత కూడా ఒకటి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మనోవైద్య విభాగం కలదు. సుమారు 210 కి.మీ. దూరంలోని బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉన్నది. 2022లో మొదలైన టెలిమానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే పొందవచ్చును.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఈ రుగ్మత పేరు లేదు. అయితే ఆ జాబితాలో ఉన్న అభ్యసన వైకల్యం కూడా ఇటువంటి పిల్లలలో పలువురికి ఉంటుంది. కావున చదవడం, వ్రాయడం, లెక్కలలో వెనుకబాటు ఉన్నదేమో అదే సమయంలో పరీక్షింపజేయడం అవసరం.