ముందు కాటా, తర్వాతే ఎత్తు

రావికమతం నుంచి కొండల వైపు కల్యాణపులోవ జలాశయం దాకా వెళ్తే మైదానం అక్కడితో సరి. ఆ పైన తూర్పు కనుమలు మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలంలో కొండ మీది గిరిజన గూడేలకు దారి ఎప్పుడూ పెద్ద సమస్యే. నెలలు నిండిన తల్లిని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చిన రోజులు ఇక్కడివారు మరిచిపోలేదు. కిందికి దిగితే భీమిలి–నర్సీపట్నం రోడ్డు. జనం నోట బీఎన్ రోడ్డుగా తిరిగే ఆ దారి గోతులకు పేరుపడ్డది. ఇలాంటి చోట నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి మీద మనసు పడ్డారంటే అది షోకు కోసమే అనలేం.

బండి ఇంటికొచ్చిన కొన్నాళ్లకే దాని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ మాట మొదలవుతుంది. కొత్తవాళ్లు మెకానిక్‌ను మొదట అడిగేది, "అన్నా, ఎన్నంగుళాలు లేపొచ్చు?" అని. మంచి మెకానిక్ దానికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాడు: "బండిలో రోజూ ఎంత బరువు వేస్తావు?"

ఎడ్లబండి లెక్క

గోవాడ చక్కెర మిల్లుకు చెరకు తోలిన ఎడ్లబండిని గుర్తు చేసుకుంటే సగం విషయం తేలిపోతుంది. దానికి స్ప్రింగుల్లేవు, షాకబ్జార్బర్లు లేవు. అయినా బురదలో ఇరుసు నేలకు తగలదు, చక్రం అంత పెద్దది కాబట్టి. మోటారు బండికీ ఇదే లెక్క. లిఫ్ట్ కిట్ ఇరుసుకూ బాడీకీ మధ్య దూరం పెంచుతుంది. ఇరుసును మాత్రం లేపలేదు. ఇలాంటి బండ్లలో జిమ్నీకి ముందూ వెనుకా, థార్‌కు వెనుక, చక్రం నుంచి చక్రం దాకా ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. దాని మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్, రెండంగుళాల కిట్ వేశాక కూడా నేలకు మునుపటంత దగ్గరలోనే ఉంటుంది.

అది లేవాలంటే టైరు పెరగాలి. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన థార్‌లో 18 అంగుళాల చక్రాలున్న రకానికి 255/65 టైర్లు వచ్చాయి. వాటి ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు. వాటి స్థానంలో 33 అంగుళాల టైర్లు, అంటే 838 మిల్లీమీటర్లవి, వేస్తే ఇరుసు లేచేది ఆ తేడాలో సగం, సుమారు 25 మిల్లీమీటర్లు. దానికి ప్రతిగా స్పీడోమీటరు 80 చూపేటప్పుడు బండి నిజానికి 85 దగ్గర పోతుంటుంది. బ్రేకులకూ గేర్లకూ పని పెరుగుతుంది.

మరి కిట్ వల్ల లాభమేమిటి? బండి అడుగు భాగం, బంపర్లు, తలుపుల కింది అంచులు రాళ్లకు తగలకుండా పైకి వస్తాయి. నిటారు గట్టు ఎక్కేటప్పుడు ముక్కు నేలను గుద్దదు. చక్రం కిందికీ పైకీ ఎక్కువ దూరం కదలగలిగితే గోతిలో కూడా టైరు నేలను వదలదు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది.

అయితే కంపెనీ ఇచ్చిన ఎత్తే చాలామందికి సరిపోతుంది. కంపెనీ లెక్కల ప్రకారం థార్‌కు నేల నుంచి 226 మిల్లీమీటర్లు, 2023 జూన్‌లో వచ్చిన జిమ్నీకి 210. కల్యాణపులోవ గట్టు దాకా వెళ్లడానికీ, చలికాలంలో లంబసింగి మంచు చూసి రావడానికీ అంతకు మించి అక్కర్లేదు. అలాంటివారు మొదటి డబ్బు బురదలో పట్టున్న టైర్ల మీద, ఒక గాలి పంపు మీద పెట్టడం మేలు. బురదలో టైరు గాలిని 18–20 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి.

బరువే స్ప్రింగును ఎంచుతుంది

అడుగు మాటిమాటికీ తగులుతున్నవారికి, వెనుక సామానుతో బండి కుంగిపోతున్నవారికి కిట్ అవసరం నిజమే. ఆస్ట్రేలియాలో 1975లో మొదలైన ఏఆర్‌బీ సంస్థ అమ్మే ఓల్డ్ మ్యాన్ ఎము గానీ, అదే దేశానికి చెందిన ఐరన్‌మ్యాన్ గానీ, స్ప్రింగులను బండి పేరుతో పాటు అది మోసే బరువును బట్టీ వేరుచేసి ఇస్తాయి. ఖాళీ బండికి ఒక స్ప్రింగు, ఇనుప బంపరు, వించి ఉన్న బండికి మరొకటి, వెనుక ఎప్పుడూ బరువుండే బండికి ఇంకొకటి. గట్టి స్ప్రింగు వేసి ఖాళీగా తిరిగితే గోతి గోతికీ నడుము అదురుతుంది. మెత్తది వేసి బరువెక్కిస్తే డబ్బు పోసి కొన్న ఎత్తంతా కూర్చుంటుంది.

ఏజెన్సీ జీపుల వారికి ఇది పాత సంగతే. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతం వైపు రాళ్ల దారిలో యాత్రికులను తీసుకెళ్లే జీపులను చూడండి. పాత జీపులకు కమాన్ కట్టలే ఆధారం. నిండా జనంతో తిరిగే బండికి కట్టలో ఒక పట్టీ చేర్పించడం ఊళ్లలో జరిగే పనే. నలుగురు మాత్రమే ఎక్కే ఇంటి బండికి అదే పట్టీ కష్టం తెచ్చిపెడుతుంది.

అందుకే దుకాణానికి ముందు కాటాకు వెళ్లాలి. చెరకు, బెల్లం తిరిగే ఈ ప్రాంతంలో లారీలను తూచే కాటాకు కొదవ లేదు. రోజూ ఎక్కే మనుషులతో, రోజూ ఉండే సామానుతో, నిండు ట్యాంకుతో ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే ఎక్కించి ఒకసారి తూయిస్తే రెండు అంకెలు చేతికొస్తాయి. స్ప్రింగు ఎంపిక ఆ రెండింటి నుంచి మొదలవుతుంది.

మొదటి కిట్‌కు 40–50 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే ఇబ్బందులు వరుస కడతాయి. థార్ ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి కాబట్టి బలాన్ని అందించే సీవీ జాయింట్లు ఎక్కువ వంకరలో తిరగాలి, వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి. జిమ్నీలో ఇరుసు కొద్దిగా పక్కకు జరుగుతుంది, స్టీరింగ్ తనంతట తాను నేరుగా తిరిగొచ్చే గుణం తగ్గుతుంది. వీటిని సరిచేసే భాగాలు కిట్‌లో ఉన్నాయో లేవో అడగాలి. బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు బిగుసుకోకూడదు. స్ప్రింగుతో పాటు దానికి తగ్గ షాకబ్జార్బర్ కూడా మారాలి. పాత షాకబ్జార్బర్ కొత్త స్ప్రింగు ఊపును ఆపలేక బండి ఎగురుతూనే ఉంటుంది. స్ప్రింగు మీద దిమ్మ పెట్టి లేపే చౌక పద్ధతిలో ఎత్తు వస్తుంది కానీ, చక్రం కదిలే దూరం పెరగదు.

ఎత్తుతో పాటు బోల్తా పడే ప్రమాదమూ పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి నిలకడ ఎంతో ఒక అంకెలో తెలుస్తుంది. వెడల్పు 1,500, కేంద్రం ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే 1.07. కేంద్రం 45 మిల్లీమీటర్లు లేస్తే అది 1.01కి పడుతుంది. పాడేరు ఘాట్ మలుపుల్లో నిన్నటి వేగం ఇవాళ పనికిరాదని ఆ చిన్న తేడా చెబుతోంది. ముక్కు లేస్తే హెడ్‌లైట్ల వెలుగూ లేచి ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. కిట్ బిగించిన రోజునే లైట్లు దించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

చట్టం సంగతి కొనకముందే చూసుకోవాలి. ఆర్సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. రవాణా కార్యాలయంలో, బీమా సంస్థలో ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది. వారంటీ మాట షోరూంలో తేల్చుకోవాలి.

కిట్ బిగించే ముందు నాలుగు మూలలా చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. బిగించాక మళ్లీ కొలవాలి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగించి, మూడోసారి కొలవాలి. కొత్త స్ప్రింగులు కొద్దిగా కూర్చోవడం మామూలే. ఒక మూల మాత్రమే ఎక్కువగా దిగితే బండిని తిరిగి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ కొలతల కాగితాన్ని కాటా చీటీతో కలిపి ఆర్సీ పక్కనే ఉంచుకుంటే, తర్వాత ఇనుప బంపరో టాప్ క్యారియరో చేరిన రోజున స్ప్రింగు మార్చాలా వద్దా అన్నది ఆ రెండు కాగితాలూ చూసి తేల్చుకోవచ్చు.