గైడ్‌లైన్‌లో "ఇవ్వాలి" వేరు, "ఇవ్వొచ్చు" వేరు!

ఈరోజు ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. మాట చిన్నదే గానీ, అది అర్థంకాక అప్పులపాలైన కుటుంబాలున్నాయి.

2021 ఏప్రిల్, మే గుర్తుందా? కరోనా సెకండ్ వేవ్. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎవరికైనా సీరియస్ అయితే నెల్లూరుకి పరిగెత్తాల్సిందే. అప్పుడు అందరి నోటా ఒకటే మాట, రెమ్‌డెసివిర్. బ్లాక్‌లో అయినా సరే, ఎంతైనా సరే.

మరి గైడ్‌లైన్ ఏమంది? ఆ ఏప్రిల్‌లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనల్లో రెమ్‌డెసివిర్ తప్పనిసరి మందు కాదు. ఆధారాలు తక్కువ, కొందరు పేషెంట్లకే ఆలోచించొచ్చు అని ఉంది. అంటే "ఇవ్వొచ్చు". డబ్ల్యూహెచ్‌ఓ అయితే 2020 నవంబర్‌లోనే ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి వద్దనే వైపు మొగ్గింది.

ఇప్పుడు డెక్సామెథాసోన్ చూడండి. చవకైన పాత స్టెరాయిడ్. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అందుకే 2020 సెప్టెంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి స్టెరాయిడ్ "ఇవ్వాలి" అని గట్టిగా చెప్పింది. తీవ్రత లేనివాళ్లకి మాత్రం వద్దంది. ఆ రెండో ముక్క వదిలేసి ఇంట్లోనే స్టెరాయిడ్ మింగినవాళ్లున్నారు. అలా వాడితే షుగర్ పెరుగుతుంది, బ్లాక్ ఫంగస్ ముప్పూ పెరుగుతుంది.

సో, గట్టి సిఫార్సు అంటే ఆ పరిస్థితిలో ఉన్న దాదాపు అందరికీ నష్టం కంటే లాభం ఎక్కువని. షరతులతో కూడిన సిఫార్సు అంటే మనిషిని బట్టి నిర్ణయం మారుతుందని. ఇది తేల్చడానికి ఆధారం ఎంత నమ్మకమైనదో ఒక్కటే చూడరు. లాభనష్టాలు, ఖర్చు, పేషెంట్ ఇష్టం కూడా చూస్తారు.

ఇంకోటి. 2022 ఏప్రిల్‌లో డబ్ల్యూహెచ్‌ఓ రెమ్‌డెసివిర్ మీద మాట మార్చింది. జబ్బు ఇంకా తీవ్రం కాకుండా, ముప్పు మాత్రం ఎక్కువున్నవాళ్లకి ఇవ్వొచ్చు అంది. ముందు చెప్పింది అబద్ధమని కాదు, కొత్త ట్రయల్స్ ఫలితాలొచ్చాయి.

అందుకే ఖరీదైన మందు రాస్తే డాక్టర్ గారిని మూడు అడగండి. ఇది తప్పనిసరా, ఇవ్వొచ్చా? మా పేషెంట్‌కి ఇప్పుడున్న స్టేజ్‌లో పనిచేస్తుందా? ఇవ్వకపోతే ఏమవుతుంది? మర్యాదగా అడిగితే తప్పేం లేదు. పొలం తాకట్టు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలివి.

మీ ఫ్యామిలీ గ్రూప్‌లో షేర్ చేయండి.